సూదికి చూపునిచ్చిన నాదము



మన తెలుగుసీమలో, అది సిరిసిల్ల యైనను సరే, రాజంపేట యైనను సరే, స్కానింగనగానే ఇంటిల్లిపాదికిని తలపునకు వచ్చునది కడుపుతోనున్న ఇల్లాలే కాని, ఇనుపకమ్ములకు తీగ చుట్టి చుట్టి మణికట్టు బిగిసిపోయిన మేస్త్రీ కాడు. అల్ట్రాసౌండు యంత్రము మన దేశమున ప్రసూతి వైద్యము వెంటబడియే ఊరూర తెలియవచ్చినది. పిమ్మట దానితో గర్భస్థశిశువు ఆడదో మగవాడో తెలిసికొని, ఆడుశిశువును కడుపులోనే రూపుమాపు పాపమునకు కొందరొడిగట్టగా, పార్లమెంటు 1994లో లింగనిర్ధారణ నిషేధచట్టమును చేసి, పిదప దానిని సవరించి, అట్టి యంత్రము గల ప్రతి చోటును ప్రభుత్వమువద్ద నమోదు కావలెనని శాసించెను. ఆ శాసనము న్యాయమైనదే. దానిని తెప్పించిన బుద్ధియే అన్యాయమైనది. అయినను మోచేతిని, మణికట్టును, వ్రేళ్ళను మాత్రమే చూడగోరు ఎముకల వైద్యుడును ఆ గడపనే దాటి రావలసి యుండుటచేత కాబోలు, ఈ యంత్రము చేతికి కూడ పనికివచ్చునన్న సంగతి మనవారిలో పెక్కుమందికి తెలియకయే యున్నది. నేను వైద్యము చేయు బహ్రెయినులో మణికట్టునకు స్కానింగు వ్రాసియిచ్చినపుడు, "నాకెందుకు సార్ స్కానింగు?" అని సిగ్గుపడి నవ్విన మగవారిని నేనెరుగుదును.

నేను వైద్యము చేయుచు నివసించు సీఫ్ పేట, బహ్రెయినులోని మనామా నగరమునకు పడమటి దిక్కున, సముద్రమును పూడ్చి మనుష్యులు కల్పించుకొన్న నేల. 1997లో సీఫ్ మాల్ తెరవబడినది మొదలు, 2008లో సిటీ సెంటర్ వెలసి, నేటి ఆకాశహర్మ్యములు లేచువరకు, ఇచ్చటి ప్రతి అంతస్తును ఎవరో చేతులతో కట్టినదే కదా. ఆ చేతులలో మనవారివియు కలవు. ఈ పేటకు పడమరగా, కొలది నిమిషముల ప్రయాణములో, యునెస్కో 2005లో ప్రపంచ వారసత్వముగా గుర్తించిన బహ్రెయిను కోట యున్నది. ఆ మట్టిదిబ్బ క్రింద నాలుగువేల యేండ్లకు పూర్వపు దిల్మున్ నాగరికత నిద్రించుచున్నది. అప్పటినుండియు ఈ ద్వీపము చేతికష్టము మీదనే బ్రతికినదని చెప్పుట అతిశయోక్తి కాదు. చమురు పుట్టకపూర్వము, ఇచ్చటి జీవనము ముత్యము. ముత్యపుచిప్పలకై సముద్రగర్భమున మునుగువానిని ఘైస్ అనియు, పడవమీద నిలిచి త్రాడుపట్టి వానిని పైకి లాగువానిని సైబ్ అనియు పిలిచెడివారు. మునిగినవాని ఊపిరిని గురించి ఎన్నియో కథలు కలవు కాని, రోజునకు ఎన్నిమారులో ఆ తడిత్రాడు లాగిన సైబ్ మణికట్టును గురించి ఎవరును చెప్పరు. ఆ గల్ఫు ముత్యములే బస్రా ముత్యములను పేర హైదరాబాదునకు చేరి, అచ్చట బెజ్జము వేయువారి వ్రేళ్ళ నడుమ నలిగి, నిజాముల కంఠసీమల నలంకరించినవి. ఇచ్చట లాగిన చేయి యొకటి, అచ్చట తొలిచిన చేయి యొకటి. జపానువారి పెంపుడు ముత్యములు వచ్చి ఆ వర్తకమును కూలద్రోయగా రెండు చేతులకును పని తప్పినది. 1932లో ఇచ్చట చమురు పడిన పిదప క్రొత్త చేతులు కావలసివచ్చినవి.

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని తెలంగాణమున పొట్టకూటికి మూడు దారులు చెప్పుదురు. ఆ మూడవ దారికి చీలిక వంటిదే బహ్రెయిను. జగిత్యాలనుండియు, నిజామాబాదునుండియు, కడపనుండియు, కోనసీమనుండియు వచ్చిన మనవారు ఇచ్చట కమ్ములు కట్టుదురు, వంటశాలలలో మాంసము కొట్టుదురు, పెద్దయిండ్లలో తడిగుడ్డ పిండి పిండి నేల తుడుతురు, చదువుకొన్నవారు తెల్లవార్లు కీబోర్డు ముందు కూర్చుందురు. వేసవి నడిమధ్యాహ్నము ఆరుబయట పని చేయింపరాదన్న నిషేధము బహ్రెయినులో 2007నుండియు అమలులో నున్నది. ఎండ కన్నులకు కానవచ్చు శత్రువు గనుక అది సాధ్యమైనది. ఒకే కదలికను దినమునకు వేలమారులు చేయుటవలన కలుగు బాధ అట్లు కానరాదు. విచిత్రమేమనగా, ఇచ్చట కమ్ము కట్టు భర్తకును, అచ్చట ఇంటివద్ద బీడీలు చుట్టు భార్యకును ఒకే వ్రేలు నొచ్చుచుండగా, ఫోనులో మాటలాడుకొనునపుడు ఒకరి నొప్పి ఒకరికి చెప్పుకొనరు.

ఇక యంత్రము సంగతి. కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని 1880లో జాక్, పియేర్ క్యూరీ సోదరులు కనుగొనిరి. ఆ స్ఫటికమునకే విద్యుత్తు నిచ్చినచో అది కంపించి శబ్దమును పుట్టించును. మొదటి ప్రపంచయుద్ధకాలమున సముద్రములోని జలాంతర్గాములను వెదకుటకు ఆ విద్యనే వాడజూచిరి. మనుష్యశరీరమున దీనిని స్థిరముగా నెలకొల్పినది గ్లాస్గో నగరమున ప్రసూతి వైద్యుడగు ఇయాన్ డొనాల్డ్, 1958లో. అదే యేట ఆస్ట్రియా దేశీయుడగు కార్ల్ డుసిక్, కీళ్ళ చుట్టునుండు కణజాలములయందు శబ్దము ఎట్లు క్షీణించునో కొలిచి ప్రకటించెను. కడుపునకు పెట్టిన దీపమే చేతికిని పెట్టవచ్చునని తెలిసికొన్న మొదటి ఘడియ యదియే, కాని చేతివంతు వచ్చుసరికి దశాబ్దములు గడచినవి. కారణమేమనగా, చేతిలోని వస్తువులు మిక్కిలి చిన్నవి. మన చెవి సెకనునకు ఇరువదివేల కంపనములకు మించి వినజాలదు; చేతిని చూచు ప్రోబు అను పరికరము పంపు శబ్దము సెకనునకు కోటిన్నర కంపనములు గలది. శరీరమున శబ్దము సెకనునకు 1540 మీటర్ల వేగమున పోవును గనుక, అట్టి తరంగము పొడవు మిల్లీమీటరులో పదియవ వంతు మాత్రమే యగును. తరంగమెంత సూక్ష్మమో చూపంత సూక్ష్మము. ఇంత సూక్ష్మమైన శబ్దము లోతునకు పోలేదు, రెండు మూడు సెంటీమీటర్లలోనే అలసిపోవును. కడుపునకు అది లోపము. చేతికి లోపమే కాదు, ఎందుకనగా చేతిలో సర్వమును చర్మము క్రిందనే యున్నది.

మరియొక గుణము కలదు. ఎక్స్-రే యెముకను మాత్రమే చెప్పును. ఎమ్మారై సొరంగమున కదలక పడుకొనవలెను. ఈ యంత్రము ముందట రోగి వ్రేలు ముడిచి చాపుచుండగానే స్నాయువు జారుట, తట్టుకొనుట, నాడి ప్రక్కకు తొలగుట, సూది మొన చొచ్చుకొనిపోవుట తెరపై చూడవచ్చును. నొప్పి యెచ్చటనో రోగి చెప్పిన చోటనే ప్రోబు పెట్టి, మంచి చేతితో పోల్చవచ్చును. కాని ప్రోబు కొంచెము వాలినను, ఆరోగ్యముగానున్న స్నాయువు నల్లబడి తెగినట్లు కానవచ్చును. చూచువాని చేయి వంకరయైనచో లేని రోగము పుట్టును. అందువలననే నేను యంత్రము వెల యడిగిన రోగులతో, దానిని పట్టినవాని అనుభవము ఎన్నాళ్ళదో అడుగుమని చెప్పుచుందును.

సుశ్రుతుడు శస్త్రవైద్యమునకు నూటొక్క యంత్రములను పేర్కొని, వాటియందెల్ల వైద్యుని హస్తమే ప్రధానమని నిర్ణయించెను. నూటయేడు మర్మములను చెప్పుచు, మోచేతియందలి కూర్పరమర్మమునకు దెబ్బ తగిలినచో అంగవైకల్యమనియు, మణికట్టునందలి మణిబంధమర్మమునకు తగిలినచో తీవ్రమైన బాధయనియు వేరుపరచెను. ప్రోబు పట్టినవాడు నేడును ఆ రెండింటి నడుమనే సంచరించుచున్నాడు.

మణికట్టు నడుమ అరచేతివైపున ఎముకలు మూడువైపుల గోడగాను, దృఢమైన పట్టీ యొకటి పైకప్పుగాను ఏర్పడిన ఇరుకుదారి కలదు. ఆ దారిలో వ్రేళ్ళను ముడుచు స్నాయువులు తొమ్మిదియు, మీడియన్ అను నాడి యొకటియు కలసి పోవుచుండును. స్నాయువుల పొరలు ఉబ్బినచో ఎముక తొలగదు, పట్టీ సాగదు. ఒత్తిడికి లొంగునది నాడి మాత్రమే. అపుడు బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు తిమ్మిరెక్కి, రాత్రి రెండవ జామున మెలకువ వచ్చి, చేయి విదిలించుకొనుచు మంచముమీద లేచి కూర్చుందురు. దీనిని కార్పల్ టన్నెల్ వ్యాధి యందురు. ఇంగ్లండు దేశమున జేమ్స్ పేజెట్ 1854లో విరిగిన మణికట్టున నాడి నలుగుటను వర్ణించెను. అమెరికా దేశమున జార్జి ఫాలెన్ 1950 ప్రాంతమున దీనిని ప్రతి వైద్యునికి తెలియజేసెను. మధుమేహము, థైరాయిడు మాంద్యము, గర్భధారణము ఇందుకు తోడ్పడును. స్కానింగులో నాడి అడ్డుకోత వైశాల్యము పది చదరపు మిల్లీమీటర్లకు మించినచో అనుమానము బలపడును. పట్టీకి ముందు ఉబ్బి, పట్టీ క్రింద అణగి యుండు నాడిని తెరపై చూచినవారు మరల మరచిపోజాలరు.

సూదిమందు వేయవలసివచ్చినపుడు స్కానింగు చూపు లేని వైద్యుడు చర్మముపై గుర్తుల నాధారముగా గ్రుచ్చును. అనుభవజ్ఞుల చేతిలో అది చాలమారులు సరిగనే చేరును. దానిని నేను నిందింపను, నేను నేర్చుకొన్నదియు అట్లే. కాని కొందరిలో నాడి రెండుగా చీలి యుండును. కొందరిలో దాని నడుమ ఒక ధమని జన్మతః మిగిలి యుండును. సూది నాడిలో దిగినచో మెరుపు మెరసినట్లు వ్రేళ్ళలో మంట పుట్టి, హాని నెలలపాటు నిలుచును. ప్రోబుతో చూచు వైద్యుడు చిటికెనవ్రేలి ప్రక్కనుండి సూదిని తరంగతలమునకు సమాంతరముగా పంపి, అచ్చటి ధమనిని తప్పించి, మొనను నాడికి ప్రక్కగా నిలిపి, ద్రవమును మెల్లగా విడచుచు, నాడి తన చుట్టునున్న బిగువునుండి విడివడి తేలుటను కన్నులార చూచును. ఆ ద్రవము స్టెరాయిడు కావచ్చును. ఐదుశాతపు గ్లూకోజు నీరు మాత్రమే కావచ్చును. దీని గుణమును తైవాను వైద్యులు పరీక్షించి ప్రకటించిరి. స్టెరాయిడు కొన్ని వారములు, కొన్ని నెలలు ఉపశమింపజేయును. రాత్రి మణికట్టును నిటారుగా నిలుపు కట్టు దానికి తోడు. చాలమందికి ఆ కట్టుతోనే కొంత మేలగును, దాని వెల సూదిమందు వెలలో చిన్నభాగము. పది పండ్రెండుమంది పండుకొను కూలీల క్యాంపు గదిలో మంచముమీద చేతికి కట్టు కట్టుకొని నిద్రించుట నామోషీగా తలచి పారవైచినవారు ఉన్నారు గనుక ఈ మాట నొక్కి చెప్పుచున్నాను.

బొటనవ్రేలి మూలమున, మణికట్టు ప్రక్కన వచ్చు నొప్పిని స్విట్జర్లాండు శస్త్రవైద్యుడగు ఫ్రిట్జ్ డి కెర్వాన్ 1895లో వర్ణించెను. చంటిబిడ్డను చంకలోనికి ఎత్తి ఎత్తి తల్లులకును, ఫోనుపై బొటనవ్రేలు త్రిప్పి త్రిప్పి యువకులకును వచ్చునది ఇదియే. రెండు స్నాయువులు ఒకే గొట్టమున పోవునని మనము చదువుకొందుము. కాని చాలమందిలో ఆ గొట్టము నడుమ సన్నని అడ్డుగోడ యుండును. మందు ఒక గదిలో పడి రెండవ గది ఎండిపోయినచో, సూదిమందు పనిచేయలేదని రోగియు, రోగి మాట వినలేదని వైద్యుడును నిందించుకొందురు. ఇట్టి చోట స్కానింగు నిజముగా దారి చూపును. ఇంకొక జాగ్రత్త: ఈ చోట చర్మము పలుచన. మందు బయటికి వచ్చినచో మన నల్లని ఒంటిపై తెల్లని మచ్చ పడి, క్రింది క్రొవ్వు కరగి గుంట పడును. అది బొల్లి కాదు, కుష్ఠు కాదు, చాలమందికి నెలలలో తగ్గును. కాని పెండ్లికెదిగిన పిల్ల చేతిపై పడినచో ఆ యింట ఎంత కలత పుట్టునో తెలుగువారికి నేను చెప్పనక్కరలేదు. ముందే చెప్పి చేయుట వైద్యుని విధి.

వ్రేలు ముడిచినది చాపబోగా చిక్కుకొని, టక్కుమని విడుచు వ్యాధి యున్నది. నోటా అను ఫ్రెంచి వైద్యుడు 1850లో దీనిని గుర్తించెను. లంగా బొందులో ముడి పడి నేఫా నోటివద్ద తట్టుకొనుట ఆడువారందరెరిగినదే. వ్రేలిమూలమున స్నాయువుకు ఏర్పడిన ముడి దానిని పట్టియుంచు కప్పీవద్ద తట్టుకొనుటయు సరిగ అట్టిదే. మధుమేహము గలవారికి ఇది ఎక్కువగా వచ్చును, స్టెరాయిడుతో తగ్గుట వారికి తక్కువ. పైగా ఆ మందు కొన్ని దినములు చక్కెరను పెంచును. గల్ఫులో మధుమేహము మనవారిని వెంబడించు నీడ గనుక, సూదికి ముందు చక్కెర చూపించుకొనక తప్పదు. మందుతో తగ్గనిచో, స్కానింగు చూపులో సన్నని సూదితోనో, కొక్కెపుకత్తితోనో ఆ కప్పీని కోసి విడిపించువారును కలరు; దానికి నేర్పు కావలెను, ప్రక్కనే వ్రేలి నాడులు కలవు.

మణికట్టుపై లేచు నీటిబుడిపెల సంగతియు, బొటనవ్రేలి కీలు అరుగుదల సంగతియు ఇచ్చట విస్తరింపను; సూదితో బుడిపె నీరు తీయవచ్చును, కాని అది తరచు మరల వచ్చును.

మోచేయి దగ్గర మాత్రము నేను కొంచెము నిలువదలచితిని. మణికట్టును పైకెత్తు కండరము మోచేతి వెలుపలి యెముకకు అంటుకొను చోట వచ్చు నొప్పిని టెన్నిస్ ఎల్బో అందురు. 2004లో సచిన్ తెండుల్కరును ఆట మాన్పించి మన యింటింట ఆ పేరును మాటలాడించినది అదియే. కాని టెన్నిసు బ్యాటు ముట్టనివారే దీనిచే ఎక్కువ బాధపడుదురు: సుత్తె పట్టినవారు, గుడ్డ పిండువారు, మాంసము కొట్టువారు. ఈ నొప్పికి స్టెరాయిడు సూది వేసినచో వారమునకే తీసివేయును గనుక దానివలె గొప్ప మందు లేదని తోచును. కాని ఆస్ట్రేలియాలోని బ్రిస్బేను నగరమున 165మంది రోగులపై జరిపి 2013లో ప్రకటించిన పరీక్షలో, యేడాది గడచుసరికి మందు లేని సూది వేయించుకొన్నవారిలో నూటికి 96మంది కోలుకొనగా, స్టెరాయిడు వేయించుకొన్నవారిలో 83మందియే కోలుకొనిరి. నొప్పి తిరుగబెట్టినవారు మొదటివారిలో నూటికి 12మంది, రెండవవారిలో 54మంది. చూపు గల సూది ఆ మందును సరియైన చోటికి చేర్చును. సరియైన చోటికి చేరిన చెడుసలహా మంచిదై పోవునా? రోగి రక్తమునే తీసి, గిర్రున త్రిప్పి, అందలి ప్లేట్‌లెట్ భాగమును మోచేతిలో వేయు పద్ధతియు ఇపుడు ప్రబలినది, చవకయైనది కాదు. 2021నాటి కాక్రేను సంస్థ సమీక్ష పెక్కు పరీక్షలను కలిపి చూచి, దానివలన చెప్పుకొనదగిన లాభము లేదనియే తేల్చినది. ఇట్లనుట ఇట్టి చికిత్సను అమ్ముకొను నా వృత్తిలోని కొందరికి రుచింపదు. రుచింపకున్నను నిజము నిజమే. నొప్పి వచ్చిన కండరమునకు క్రమముగా బరువు నలవాటు చేయుట, పట్టు మార్చుకొనుట, కాలమిచ్చుట — చాలమంది యేడాదిలోపల వీటితోనే బాగుపడుదురు. ఆ యేడాదిని మేస్త్రీకి ఎవరిత్తురన్నది వైద్యశాస్త్రము చెప్పజాలని ప్రశ్న.

కీళ్ళవాతమున మణికట్టు వాచినచో మాత్రము, స్కానింగులో ఆ వాపునందు రక్తము పరవళ్ళు త్రొక్కుట రంగులలో కానవచ్చును. దానికి అచ్చట వేయు సూది తాత్కాలికము. మూలమునకు మందు మెథోట్రెక్సేటు. ఆ మందు పుట్టిన అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలను నడిపినవాడు భీమవరమున 1895లో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు. వాచిన చేతులతో బాధపడు తెలుగువారు వారమునకొకమారు మింగు ఆ చిన్నమాత్ర వెనుక తెలుగువాడొకడున్నాడని ఎరిగినవారు అరుదు.

సూదికి ముందు రక్తమును పలుచబరచు మందులు వాడుచున్నచో చెప్పవలెను. చర్మముపై పుండున్నచో సూది వేయింపరాదు. వేసిన పిదప ఒకటిరెండు దినములు బరువెత్తరాదు. జ్వరమును ఎరుపును వచ్చినచో ఆ గంటకే రావలెను. అన్నిటికంటె ముఖ్యము, అరచేయి పైకి త్రిప్పి బొటనవ్రేలి మూలమునందలి కండను రెండవ చేతితో పోల్చి చూచుకొనుట. అది కరగి పల్లముపడి, చొక్కా గుండీ పెట్టుకొనుటకు చేతగాకున్నచో, నాడి చాలకాలముగా నలుగుచున్నదని తెలియవలెను; అట్టివానికి సూది వేసి పంపుట కాలహరణము, ఆ దినమే శస్త్రవైద్యునివద్దకు పంపవలెను. మరియు ఆసుపత్రిలో ఇచ్చు కాగితము ఇంగ్లీషులో నున్నను, ఏ మందు వేసిరి, ఎంత వేసిరి, ఏ చేతికి ఏ తేదీన వేసిరి అన్నవి అడిగి తెలిసికొని, సెలవుపై ఇంటికి పోవునపుడు దానిని పాసుపోర్టుతోపాటు వెంట తీసికొనిపోవలెను. నొప్పి తిరుగబెట్టి, జగిత్యాలలోనో కడపలోనో రెండవ సూది వేయబోవు వైద్యునికి మొదటి సూది సంగతి తెలియవలయును గదా.